అండమాన్ ఇళ్లలో ఇంటర్నెట్ వేగం: సముద్ర కేబుల్ నుంచి ఇంటి రౌటర్ వరకు

బంగాళాఖాతం అడుగున చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. పోర్ట్‌బ్లెయిర్‌కు, అందులోని గోల్ ఘర్ వంటి ప్రాంతాలకు ప్రధాన భూభాగంతో ఉన్న డేటా అనుసంధానం దానితో రూపు మార్చుకుంది. 2024 సెప్టెంబరులో ఈ నగరం పేరును కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురంగా మార్చింది.

కేబుల్ వచ్చినంత మాత్రాన ప్రతి ఇంటికీ ఒకే వేగం అందదు. సమాచారం చెన్నై నుంచి సముద్ర కేబుల్, స్థానిక ఎక్స్‌ఛేంజి, వీధిలోని తీగ, ఇంటి రౌటర్, వైఫై మీదుగా ఫోనుకు చేరుతుంది. ఈ దారిలో అత్యంత ఇరుకైన చోటు ఎంత ఉంటే ఇంటికి అందే వేగమూ అంతే. ఆ ఇరుకు ఎక్కడుందో గుర్తించకుండా ఖరీదైన ప్లాన్ తీసుకున్నా ప్రయోజనం ఉండకపోవచ్చు. ప్రవేశ పరీక్షకు గడువులోగా దరఖాస్తు పంపవలసిన విద్యార్థికీ, వీడియో ద్వారా వైద్య సలహా తీసుకునే రోగికీ ఈ తేడా ముఖ్యమైనది.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. వారిలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. సముద్రానికి ఆవల ఉన్న బంధువులతో మాట్లాడుకోవడానికీ వీరికి ఇంటర్నెట్టే ఆధారం.

ఉపగ్రహం స్థానంలో కేబుల్

సముద్ర కేబుల్ రాకముందు దీవుల డేటా రాకపోకలు ఉపగ్రహాలపై ఆధారపడి ఉండేవి. భూస్థిర ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఒక అభ్యర్థన అక్కడికి వెళ్లి కిందికి దిగి, జవాబు తిరిగి అదే దారిన రావడానికి సుమారు అర సెకను పడుతుంది. అందువల్ల ఫోన్ సంభాషణలో మాటకు మాటకు మధ్య వ్యవధి ఏర్పడుతుంది. ఉపగ్రహంపై లభించే సామర్థ్యం కూడా పరిమితం. దీవుల్లో 4జీ సేవల విస్తరణకు ఇదే పెద్ద అవరోధంగా ఉండేది.

కొత్త కేబుల్ మొత్తం పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు. సార్వత్రిక సేవా బాధ్యత నిధి నుంచి సుమారు 1,224 కోట్ల రూపాయల వ్యయంతో బీఎస్ఎన్ఎల్ ఈ పథకాన్ని అమలు చేసింది. చెన్నై, పోర్ట్‌బ్లెయిర్ మధ్య సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు మార్గాలకు, పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఇతర దీవులకు 100 గిగాబిట్ల చొప్పున రెండు మార్గాలకు రూపకల్పన జరిగింది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి చెన్నైకి వెళ్లి తిరిగి రావడానికి సెకనులో నలభయ్యో వంతు కాలం కూడా పట్టదు. మధ్యలోని యంత్రాలు దానికి కొంత జోడిస్తాయి.

స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లను ఈ కేబుల్ కలుపుతుంది. జనావాసమున్న దీవులన్నీ ఈ జాబితాలో లేవు.

కేబుల్ దిగిన చోటు నుంచి ఇంటి దాకా

గ్రామీణ ప్రాంతాల్లో ఈ చివరి భాగమే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ఇళ్లు దూరదూరంగా ఉండటం వల్ల ఒక్కో ఇంటికి తీగ వేసే ఖర్చు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఖర్చు తగ్గించడానికి ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్ పథకం మిషన్ భగీరథ తాగునీటి గొట్టాల కోసం తవ్విన కందకాలను వాడుకుంది.

పాత రాగి టెలిఫోన్ తీగపై వచ్చే బ్రాడ్‌బ్యాండ్ వేగం ఎక్స్‌ఛేంజి నుంచి దూరం పెరిగే కొద్దీ తగ్గుతుంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే పోర్ట్‌బ్లెయిర్ వంటి చోట తీగల అతుకుల్లోకి తేమ చేరడం, ఉప్పుగాలికి లోహం తుప్పు పట్టడం సహజం. గాజు ఫైబర్‌కు తుప్పు బెడద లేదు. అయితే కొమ్మ విరిగి పడినా, తీగ బాగా వంగినా సంకేతం బలహీనపడుతుంది. ఫైబర్ మోడెంపై ‘లాస్’ అనే దీపం ఎర్రగా వెలిగితే కాంతి సంకేతం ఇంటికి చేరడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు. సంస్థ సిబ్బంది వచ్చి చూడవలసిందే.

లోపాన్ని గుర్తించే పరీక్ష

ముందుగా కంప్యూటర్‌ను ఈథర్‌నెట్ తీగతో నేరుగా రౌటర్‌కు కలిపి వేగాన్ని కొలవాలి. ఆ సమయంలో మిగతా ఫోన్లు, టీవీ ఇంటర్నెట్ వాడకుండా చూడాలి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య కొలిచి, తేదీ, సమయంతో సహా రాసి పెట్టుకోవాలి.

తీగతో వేగం బాగుండి గదిలో తగ్గితే లోపం వైఫైది. తెల్లవారుజామున బాగుండి రాత్రి మాత్రమే తగ్గితే ఒకే మార్గాన్ని ఎక్కువ మంది పంచుకోవడం కారణం కావచ్చు. రోజంతా తక్కువగా ఉంటే తీగను, మోడెంను, ప్లాన్‌ను పరిశీలించాలి. నెలవారీ డేటా పరిమితి దాటితే పలు ప్లాన్లలో వేగం తగ్గుతుంది. పరీక్షలో కనిపించే ‘పింగ్’ సమయం 500 మిల్లీసెకన్లు దాటి నిలకడగా ఉంటే డేటా ఉపగ్రహం మీదుగా వెళ్తూ ఉండవచ్చు.

కొలతల విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సంస్థలు వేగాన్ని బిట్లలో చెబుతాయి. డౌన్‌లోడ్ తెరపై సాధారణంగా బైట్లు కనిపిస్తాయి. 8 బిట్లు ఒక బైటు కనుక 100 మెగాబిట్ల కనెక్షన్‌పై సెకనుకు 12.5 మెగాబైట్లు కనిపిస్తే అది పూర్తి వేగమే.

ఇంట్లో చేసుకోదగిన మార్పులు

రౌటర్‌ను ఇంటి మధ్యలో, ఎత్తున, తెరిచి ఉన్న చోట ఉంచాలి. రేకుల గోడలు, ఇనుప బీరువా, ఫ్రిజ్, నీటి ట్యాంకు వైఫై సంకేతాన్ని అడ్డుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం ఎక్కువ దూరం వెళ్తుంది కానీ ఇరుగుపొరుగు రౌటర్లతో రద్దీగా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పనిచేసినా గోడలను అంతగా దాటలేదు. కాబట్టి రౌటర్ ఉన్న గదిలో రెండోదాన్ని, దూరపు గదిలో మొదటిదాన్ని వాడుకోవడం మేలు. టీవీ, కంప్యూటర్ వంటి కదలని పరికరాలకు తీగ కలిపితే వైఫై రద్దీ తగ్గుతుంది. పాత రౌటర్ల తీగ ద్వారాలు కొన్ని 100 మెగాబిట్లకు మించి పంపలేవు. అంతకు మించిన ప్లాన్ తీసుకునే ముందు దీన్ని సరిచూసుకోవాలి.

తీగ సౌకర్యం లేక 4జీ రౌటర్ వాడే ఇళ్లలో దాన్ని టవర్ వైపున్న కిటికీ దగ్గర పెట్టి చూడాలి. బయటి యాంటెన్నా అమర్చుకునే వీలున్న రౌటర్ అయితే చెట్లు, కొండ మలుపులు అడ్డున్న చోట మరింత ఉపయోగం.

ఫిర్యాదు చేసే పద్ధతి

కేంద్ర టెలికాం శాఖ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం సెకనుకు 2 మెగాబిట్ల డౌన్‌లోడ్ వేగం. 2023 జనవరి వరకు ఈ కనీస వేగం 512 కిలోబిట్లే.

వేగం తగ్గినప్పుడు మొదట సేవా సంస్థ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేసి, ఫిర్యాదు సంఖ్యను తప్పక తీసుకోవాలి. పరిష్కారం లభించకపోతే అదే సంస్థలోని అప్పీలు విభాగానికి 30 రోజుల్లోగా వెళ్లవచ్చు. దీనికి రుసుము లేదు. వ్యక్తిగత ఫిర్యాదులను భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నేరుగా పరిష్కరించదు. అక్కడా న్యాయం జరగకపోతే టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగాన్ని ఆశ్రయించవచ్చు.

వైఫైపై తీసిన కొలతను చూపితే లోపం ఇంటి లోపలిదేనని సంస్థ చెప్పే అవకాశం ఉంది. తీగతో వేర్వేరు వేళల్లో తీసిన కొలతలు ఆ సందేహాన్ని తొలగిస్తాయి. ఒకే వీధిలోని నాలుగైదు ఇళ్ల వారు ఒకే రోజుల్లో రాసుకున్న కొలతలు జతచేస్తే లోపం ఇంటిలోనిది కాదని, వీధి తీగలోనో ఎక్స్‌ఛేంజిలోనో ఉందని తేల్చడం సిబ్బందికి కూడా సులువవుతుంది.