ఢిల్లీ జామా మసీదు: వలస పాలన కాలపు నీటిరంగుల చిత్రాలు

ఢిల్లీ జామా మసీదును, దాని ప్రాంగణాన్ని 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మధ్య వరకు ఇంగ్లిష్ చిత్రకారులూ స్థానిక చిత్రకారులూ అనేకసార్లు కాగితంపై నీటిరంగుల్లో చిత్రించారు. 1857 తిరుగుబాటు తరవాత మసీదుకూ ఎర్రకోటకూ మధ్య ఉన్న నగర భాగాన్ని బ్రిటిష్ ప్రభుత్వం కూల్చివేసింది. అప్పటినుంచి ఈ చిత్రాలు కళాఖండాలుగానే కాక, షాజహాన్ కట్టించిన పాత ఢిల్లీ నగరం షాజహానాబాద్‌ రూపురేఖలకు సాక్ష్యాలుగా కూడా విలువ సంతరించుకున్నాయి.

మసీదు, ప్రాంగణం

మొగల్ చక్రవర్తి షాజహాన్ ఈ మసీదును 1650–1656 మధ్య కట్టించాడు. దీని అసలు పేరు మస్జిద్-ఎ-జహాన్‌నుమా. భోజలా పహాడీ అనే చిన్న గుట్ట మీద ఎత్తయిన అరుగు వేసి, ఎర్ర ఇసుకరాయితోనూ పాలరాతితోనూ నిర్మించారు. సుమారు పది లక్షల రూపాయలు ఖర్చయిందని చెబుతారు. తూర్పు, ఉత్తర, దక్షిణ దిక్కుల్లో మెట్ల వరసలు, మూడు ద్వారాలు ఉన్నాయి. పడమటి వైపు ప్రార్థన మందిరం, దానిపై నలుపు తెలుపు చారల మూడు గుమ్మటాలు, రెండు పక్కలా సుమారు 40 మీటర్ల మీనార్లు ఉంటాయి. నడుమ ఉన్న ప్రాంగణంలో ఒకేసారి పాతిక వేల మంది నమాజు చేయవచ్చు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే (వజూ) నీటి తొట్టి, అంటే హౌజ్, దాని మధ్యలో ఉంటుంది.

తొలి చిత్రాలు

బ్రిటిష్ సైన్యం ఢిల్లీని 1803లో స్వాధీనం చేసుకుంది. అంతకు ముందే, 1789లో, థామస్ డేనియల్, అతని సోదరుడి కొడుకు విలియం డేనియల్ ఈ నగరానికి వచ్చారు. కట్టడాల కొలతలూ కోణాలూ తప్పకుండా ఉండేందుకు వారు కెమెరా అబ్‌స్క్యూరా అనే సాధనాన్ని వాడేవారు. అక్కడికక్కడే గీసుకున్న చిత్రాలను ఇంగ్లండ్ చేరాక రాగిరేకులపై చెక్కి, అచ్చు వేసి, చేత్తో రంగులు అద్ది ప్రచురించారు. 1795–1808 మధ్య వెలువడిన ‘ఓరియంటల్ సీనరీ’లోని 144 చిత్రాల్లో జామా మసీదు తూర్పు ద్వారం కూడా ఉంది. మొగల్ కట్టడాలు ఎలా ఉంటాయో ఇంగ్లండ్ పాఠకులకు చూపిన ముఖ్యమైన గ్రంథాల్లో ఇదొకటి.

ఢిల్లీ చిత్రకారులు

ఈస్టిండియా కంపెనీ పాలన వచ్చాక మొగల్ దర్బారు ఆదాయం తగ్గింది. దర్బారుతో సంబంధమున్న చిత్రకారులు బ్రిటిష్ అధికారుల కోసం కూడా పనిచేయసాగారు. అలా పుట్టిన పద్ధతినే కంపెనీ శైలి అంటారు. మొగల్ సంప్రదాయంలో బంక కలిపిన చిక్కటి రంగులు పూసి, కాగితాన్ని నునుపురాయితో మెరుగుపెట్టేవారు. ఇంగ్లిష్ పద్ధతిలో పలుచటి రంగు పొరలు పరిచి, తెలుపు కావలసిన చోట కాగితాన్నే వదిలేస్తారు. ఢిల్లీ చిత్రకారులు ఈ రెండింటినీ కలిపారు. దూరం పెరిగేకొద్దీ వస్తువు చిన్నదిగా కనబడే ఐరోపా దృక్పథ విధానాన్ని అందుకున్నారు కాని, పాలరాతి చారనూ తోరణంపై నగిషీనీ సన్నటి కుంచెతో గీసే పాత అలవాటును వదులుకోలేదు. జామా మసీదు వంటి కట్టడానికి ఈ మేళవింపు బాగా నప్పింది.

వీరిలో గులాం అలీ ఖాన్, మజ్హర్ అలీ ఖాన్ ప్రముఖులు. ఢిల్లీలో కంపెనీ ప్రతినిధిగా ఉన్న సర్ థామస్ మెట్కాఫ్ నగరంలోని కట్టడాల చిత్రాలను మజ్హర్ అలీ ఖాన్ వంటి వారి చేత వేయించి, వాటి పక్కన స్వయంగా వివరాలు రాసి, 1844లో తన కూతుళ్ల కోసం ఒక ఆల్బమ్ తయారు చేశాడు. ‘ఢిల్లీ బుక్’గా పేరొందిన ఆ సంపుటిలో వందకు పైగా చిత్రాలున్నాయి. జామా మసీదు వాటిలో ఒకటి. 1846లో మజ్హర్ అలీ ఖాన్ ఎర్రకోట లాహోరీ దర్వాజా పైనుంచి కనబడే నగరాన్ని దాదాపు ఐదు మీటర్ల పొడవున పనోరమాగా చిత్రించాడు. మరుసటి ఏడాది సయ్యద్ అహ్మద్ ఖాన్ ఢిల్లీ కట్టడాలపై ‘ఆసార్-ఉస్-సనాదీద్’ను ఉర్దూలో, బొమ్మలతో సహా ప్రచురించాడు. ఈ కట్టడాలను నమోదు చేయాలన్న ఆసక్తి బ్రిటిష్ అధికారులకే పరిమితం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

విలియం కార్పెంటర్

లండన్ చిత్రకారిణి మార్గరెట్ కార్పెంటర్ కుమారుడైన విలియం 1850 నుంచి 1856 వరకు భారతదేశంలో తిరిగాడు. 1852లో జామా మసీదును నీటిరంగుల్లో వేశాడు. స్థానిక చిత్రకారులు కట్టడం వివరాలపై ఎక్కువ దృష్టి పెడితే, కార్పెంటర్ తన భారతీయ చిత్రాల్లో మనుషులకు, వారి వేషధారణకు, ఎండవెలుగుకు పెద్దపీట వేశాడు.

1857 తరవాత

1857 సెప్టెంబరులో ఢిల్లీని తిరిగి పట్టుకున్న బ్రిటిష్ సేనలు మసీదును ఆక్రమించాయి. ప్రాంగణంలో సైనికులు బస చేశారు. మసీదునే పడగొట్టాలన్న ప్రతిపాదనలు కూడా వచ్చాయి. చివరకు 1862లో దాన్ని ముస్లింలకు తిరిగి అప్పగించారు. ఈలోగా కోట చుట్టూ ఇళ్లు, బజార్లు నేలమట్టమయ్యాయి. షాజహాన్ కాలం నాటి అక్బరాబాదీ మసీదు కూడా వాటితోపాటే పోయింది. 1858లో ఫెలీచే బియాటో ఢిల్లీలో ఫొటోలు తీశాడు. విలియం సింప్సన్ వంటివారు ఆ తరవాత కూడా నీటిరంగుల్లో చిత్రించినా, కట్టడాలను నమోదు చేసే పని క్రమంగా కెమెరాకు మారింది.

 

విలువ, పరిమితులు

ఈ చిత్రాలను ఫొటోల్లాగా నమ్మకూడదు. కొనేవారి అభిరుచిని బట్టి చిత్రకారులు జనాన్ని తగ్గించారు, ఆకాశాన్ని దిద్దారు, శిథిలాలకు సొగసు అద్దారు. అయినా కూల్చివేతలకు ముందున్న వీధుల, కట్టడాల అమరికను రంగుల్లో చూపే ఆధారాలు ఇవే. మెట్కాఫ్ ఆల్బమ్, మజ్హర్ అలీ ఖాన్ పనోరమా ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కార్పెంటర్ భారతీయ చిత్రాల పెద్ద సేకరణ అదే నగరంలోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.