కట్ట తెగిన రాత్రులు

ఖమ్మము జిల్లా తిరుమలాయపాలెము పరిసరములలో చెఱువు లేని గ్రామము అరుదు. వర్షాకాలమున నాలుగు దినములు ముసురు పట్టెనా, ఊరి పెద్దల నోట మొట్టమొదట వచ్చు ప్రశ్న, "అలుగు పాఱుచున్నదా?" అని. ఈ చిన్న ప్రశ్నలో ఎన్నియో తరముల అనుభవము ఇమిడియున్నది. చెఱువు నిండుట ఊరికి భాగ్యము. నిండిన నీటికి దారి లేకుండుట ప్రాణాపాయము. ఈ రెంటికిని నడుమ నిలిచియున్నది ఒక మట్టికట్ట మాత్రమే. ఆ కట్టల విషయమున మనుష్యులు చేసిన పొరపాట్లను, వానికి చెల్లించిన మూల్యమును గూర్చి శ్రోతలకు నేడు కొన్ని మాటలు మనవిచేసెదను.

కాకతీయుల నాటినుండియు తెలంగాణమున చెఱువులను గొలుసుకట్టుగా నిర్మించుట ఆచారము. పై చెఱువు అలుగు దుమికిన నీరు క్రింది చెఱువున చేరును; అది నిండగా దాని క్రిందిదానికి పోవును; కట్టకడపట వాగున కలియును. పాకాల చెఱువునుండి వెడలిన నీరే మున్నేరై ఖమ్మము ప్రక్కగా ప్రవహించి కృష్ణలో కలియుచున్నది. వానలు కొఱవడిన యేట ఈ యేర్పాటును మించినది లేదు. ఒక్క బొట్టు వ్యర్థము కాదు. అతివృష్టి నాడు మాత్రము ఇదే గొలుసు పగబట్టినట్లు పనిచేయును. పై కట్ట తెగినచో ఆ చెఱువునీరంతయు ఒక్కసారిగా క్రిందిదానిపై వచ్చి పడును. క్రింది చెఱువు అలుగు తన వాననీటికి సరిపడునట్లు కట్టినది. ఇంకొక చెఱువునంతను మ్రింగగల శక్తి దానికి లేదు. అంతట నీరు కట్టమీదుగా పొర్లును. రాతి ఆనకట్టపై నీరు పొర్లినను అది నిలువవచ్చును. మట్టికట్ట నిలువజాలదు. వెనుకవైపు వాలు కరగుచు, కోత పైకి ప్రాకి, తుదకు గండి పడును. ఆ పిమ్మట మూడవ చెఱువు వంతు.

1908వ సంవత్సరము సెప్టెంబరు నెల కడపట హైదరాబాదునకు ఎగువ జరిగినది ఇదియే. షంషాబాదువద్ద ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. 27వ తేదీ రాత్రి మూసీనది ఉబ్బుచు వచ్చి, 28వ తేదీ ఉదయమునకు నగరమును ముంచివేసెను. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన, మూడును కొట్టుకొనిపోయినవి. కుతుబ్‌షాహీల కాలమున, 1578లో కట్టిన పురానాపూలు మాత్రము నిలిచెను. మృతులు సుమారు 15,000 అని అంచనా. 19,000 ఇండ్లు కూలిపోయినవి. అఫ్జల్‌గంజు ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి నూటయేబది మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి తోటలో నేటికిని ఉన్నది. త్రోవన పోవువారు కొందఱు దానికి నమస్కరించుచుందురు. మనుష్యులు కట్టిన వంతెనలు మూడు పోయి, ఎవరును కట్టని చెట్టు నిలుచుట విచిత్రమే.

ఇంతటి ఉత్పాతము జరిగినపుడు దైవలిఖితమని నిట్టూర్చి ఊరకుండుట సులభము. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను ప్రభుత్వమువారు అట్లు ఊరకుండలేదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన బొంబాయి ప్రభుత్వపు కొలువునుండి విరమించుకొని విదేశములలో పర్యటించుచుండగా ఈ పిలుపు అందెను. వచ్చినవాడు మునిగిన వీథులను చూచుటతో తృప్తిపడక, నదికి ఎగువనున్న దేశమంతయు లెక్కింపజేసెను. మూసీ, ఈసీ నదుల పరీవాహకము ఇంచుమించు 860 చదరపు మైళ్లు. అందు 788 చెఱువులు. చదరపు మైలునకు ఒకటి చొప్పున అనవచ్చును. వానిలో 221 చెఱువుల కట్టలు ఆ వానలో తెగినవి: మూసీవైపు 182, ఈసీవైపు 39. నగరమును చేరిన వఱద సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని ఆయన గణించెను.

ఆయన సలహాపై నగరమునకు ఎగువ రెండు పెద్ద జలాశయములు వెలసినవి. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. వానినే జనులు మెచ్చుకొనుచుందురు, మెచ్చదగినవే. కాని ఆ ఆనకట్టలకంటె ముందు చేసిన లెక్కయే గొప్పదని నా యభిప్రాయము. 788 కట్టలకు 788 గ్రామముల పోషణ కలదు. ప్రతి గ్రామమును తన కట్టను తాను చూచుకొనుచుండెను. గొలుసునంతను ఒకటిగా చూచినవాడు మాత్రము అంతకుముందు ఒక్కడును లేడు. ఎవరి చెఱువు వారిదే యని యుండుటయే ఆనాటి ప్రధాన దోషము. దానికి తోడు, నది తన పాటున తాను విశాలముగా ప్రవహింపవలసిన ఒడ్డులను ఇండ్లతో నింపుట రెండవ దోషము. ఈ రెండవది నేటికిని మనలను వదలలేదు. 2020 అక్టోబరులో అదే నగరమున బాలాపురపు గుఱ్ఱం చెఱువు కట్ట తెగి దిగువ బస్తీలు నీట మునిగినవి.

చెఱువుకట్ట తెగిన నీరు ఊళ్లతో ఆగదు. అడ్డముగా పోవు రైలుమార్గమునకును వచ్చును. వాగులపై చిన్న వంతెనలు కట్టునపుడు ఇంజనీర్లు సాధారణముగా పాఱు నీటిని, ఎన్నడో వచ్చు పెద్ద వఱదను లెక్కవేసి కమానులు విడుతురు. ఎగువ చెఱువు ఒక్కసారి తెగినచో వచ్చు నీటికి ఆ కమానులు చాలవు. 1954 సెప్టెంబరు 28వ తేదీ వేకువకు ముందు జనగామ ప్రాంతమున యశ్వంతపురపు వాగుపై వంతెన కూలి రైలు పడిపోయి నూఱుమందికి పైగా మరణించిరి. మూసీ వఱద వచ్చినదియు అదే తేదీన. రెండేండ్లకే, 1956 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి, జడ్చర్లకును మహబూబునగరమునకును నడుమ మఱియొక వంతెన కూలెను. అప్పుడును మృతులు నూఱు దాటిరి. రైల్వేమంత్రి లాల్‌బహదూరు శాస్త్రిగారు రాజీనామా సమర్పింపగా నెహ్రూగారు అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరులో అరవదేశమున అరియలూరువద్ద ఇట్టి ప్రమాదమే జరుగగా రెండవ రాజీనామా ఆమోదింపబడెను. మంత్రి బాధ్యత వహించుట మహనీయమే. కాని ఒక మంత్రి పోయినంతమాత్రమున వాగుమీది కమాను వెడల్పు కాదు.

2005 అక్టోబరు 29వ తేదీ తెల్లవారుజామున రేపల్లెనుండి సికిందరాబాదు పోవు డెల్టా పాసింజరు రామన్నపేట, వలిగొండ స్టేషనుల నడుమ వఱద కోసివేసిన చిన్న వంతెనపైకి వచ్చి పడిపోయెను. 114 మంది మరణించిరి. తమ మార్గమునకు ఎగువనుండి హాని చేయగల చెఱువులను రైల్వేవారు జాబితా వ్రాసి ఉంచుకొందురు. వానిని యేటేట పరీక్షింపవలెనను నియమమును కలదు. రైలుమార్గము ఒక శాఖది, చెఱువుకట్ట ఇంకొక శాఖది. కాగితముపై రెండును కలిసికొనును. అర్ధరాత్రి కుంభవృష్టిలో కట్ట కరగుచున్న సంగతి స్టేషనుమాస్టరునకు చేరవలెనన్నచో, కట్టపై లాంతరు పట్టుకొని నిలిచిన మనిషి యొకడు కావలెను. పూర్వము మన గ్రామములలో నీరటి అను నతడు ఆ పనికే యుండెను. తూము తెఱచుట, నీరు పంచుట, వానరాత్రులలో కట్టను కాచుట అతని విధులు. కాలక్రమమున ఆ వృత్తి సన్నగిల్లినది. 2015లో మిషన్ కాకతీయ పేర చెఱువుల పూడిక తీయుట ఆరంభమయ్యెను, మంచి పనియే. పూడిక తీసిన చెఱువు ఎక్కువ నీరు పట్టును గనుక, దాని కట్టకు కావలి మునుపటికంటె ఎక్కువ కావలెనుగదా.

ఇక మన సీమ మాట. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో తిరుమలాయపాలెము మండలములోని కాకరవాయివద్ద సుమారు 52 సెంటీమీటర్ల వాన కురిసెను. 1908లో షంషాబాదున ఒక దినమున కురిసినది సెంటీమీటర్లలో ముప్పదిమూడునకు లోపు. వరంగల్లు వైపునుండి వచ్చు ఆకేరు ఒడ్డులు మీఱి రాకాసితండాను ముంచెను. జనులు మిద్దెల పైకెక్కి ప్రాణములు నిలుపుకొనిరి. ఆ నీరే దిగువ తీర్థాలవద్ద మున్నేరున కలిసి ఖమ్మమునకు చేరెను. ప్రమాదసూచిక 24 అడుగులుగా నున్న మున్నేరు 36 అడుగులకు లేచెను. ప్రకాశ్‌నగరు వంతెనపై తొమ్మండుగురు చిక్కువడిరి. వాతావరణము అనుకూలింపక హెలికాప్టరు రాలేదు. చీకటిపడు వేళ జేసీబీ నడుపు వాడొకడు తన యంత్రమును వఱదలోనికి తోలుకొనిపోయి వారిని ఒడ్డుకు చేర్చెను. ఆ రోజున ప్రభుత్వ సాధనములకంటె ఆతని గుండె ముందు కదలినది.

ఆ వానలలోనే కేసముద్రమువద్ద, ఇంటికన్నె సమీపమున, వఱద రైలుపట్టాల క్రింది కంకరనంతయు కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. 1954లో, 2005లో ఇట్టి చోటికే బండి వచ్చి పడెను. ఈసారి ఎక్కడి రైళ్లను అక్కడనే నిలిపివేసిరి. ప్రయాణికులు స్టేషనులలో ఆకలితో, విసుగుతో గంటల తరబడి కూర్చుండిరి. ఆ చోట ఒక్క పెట్టెయు పడలేదు. ఇట్టి సంగతికి పత్రికలలో పెద్ద అక్షరములు దొరకవు. జరుగని ప్రమాదమునకు చరిత్రలో పుట యుండదు.

నాలుగు దినములలో ఆ మార్గమున బండ్లు మరల నడచినవి. ఆకేటి ఒడ్డు పొలములలో మేటవేసిన ఇసుకను ఎత్తిపోయుటకు రైతులకు అంతకంటె చాల యెక్కువ కాలము పట్టినది.