చిత్తూరు నాగయ్య: పాడే నటుల కాలం

తెలుగు టాకీ చరిత్రలో మొదటి పదిహేనేళ్లపాటు నటన, గానం రెండు వేర్వేరు వృత్తులుగా విడిపోలేదు. వేషం ధరించినవారే ఆ పాత్ర పాటలూ పద్యాలూ పాడుకోవాలన్న నియమం నాటకరంగం నుంచి సినిమాకు సంక్రమించి, 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ మొదలు 1940ల నడిమి వరకు పెద్దగా మార్పు లేకుండా సాగింది. ఈ పాడే నటుల కాలం ఎలా పరిణతి పొందిందో, ఎలా ముగిసిందో ఒకే జీవితంలో చూడదలచినవారికి చిత్తూరు వి. నాగయ్య జీవితం కంటే తగిన ఉదాహరణ దొరకదు. పోతన, త్యాగయ్య, వేమన వేషాలు కట్టిన సాత్త్వికమూర్తిగా, అడిగినవారికి లేదనని దాతగా ఆయన్ని స్మరించడం ఆనవాయితీ అయింది. ఆ స్మరణలో అసత్యమేమీ లేదు గానీ, చుట్టూ భక్తిభావం దట్టంగా అలముకోవడంవల్ల ఆయన నటనలోని పనితనం కొంత మరుగునపడింది. మైక్రోఫోను ముందు గొంతు తగ్గించి పాడవచ్చునని, గొంతుతోపాటు ముఖకవళికలనూ చేతుల కదలికలనూ కూడా తగ్గించవచ్చునని తెలుగు తెర మీద నిలకడగా చూపిన తొలి ప్రధాన నటుడు నాగయ్య.

ఆ తగ్గింపు ఎంత పెద్ద మార్పో తెలియాలంటే అంతకు ముందున్న పద్ధతిని గమనించాలి. పద్యనాటకం, అంటే సంభాషణల నడుమ పద్యాలను రాగయుక్తంగా పాడే నాటకం, పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు వంటివారి చేతుల్లో రూపుదిద్దుకుని, తరవాతి ముప్పై ఏళ్లలో ఆంధ్ర జిల్లాలన్నిటికీ పాకింది. ధ్వనివర్ధకాలు లేని పందిళ్లలో చివర చాప మీద కూర్చున్న ప్రేక్షకుడికి కూడా ప్రతి అక్షరం వినపడాలి కాబట్టి, నటుడు హార్మోనియం హెచ్చు శ్రుతికి కంఠం కలిపి, పద్యపాదం ముగిసిన చోట ఆలాపన అందుకుని, అంటే మాటల అవసరం లేకుండా రాగాన్ని విస్తరించి, సభ మెచ్చినంతసేపు దాన్ని సాగదీసేవాడు. జనం ‘వన్స్ మోర్’ అని కేకలు వేస్తే చనిపోయిన పాత్ర లేచి మరోసారి పద్యం పాడి మళ్లీ చనిపోయేదని చెప్పుకునే కథల్లో అతిశయోక్తి ఎంత ఉన్నా, ఆనాటి అభిరుచిని అవి సరిగానే పట్టిస్తాయి. కపిలవాయి రామనాథశాస్త్రి, యడవల్లి సూర్యనారాయణ వంటి పెద్ద కంఠాల కాలం అది. సురభి నాటక సమాజంవారు నటించిన ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన తొలి టాకీలు ఈ పద్ధతినే తెచ్చి కెమెరా ముందు నిలబెట్టాయి, మైకు చేరువలోనే ఉన్నా నటులు పందిరి చివరి వరుసను ఉద్దేశించే పాడుతూ వచ్చారు.

నాగయ్య కూడా ఈ రంగస్థలం నుంచి వచ్చినవారే. 1904 మార్చి 28న రేపల్లెలో జన్మించిన ఆయనకు నటుడిగా పేరు వచ్చింది చిత్తూరులో. అక్కడి రామవిలాస సభ ప్రదర్శించిన ‘సారంగధర’ నాటకంలో ఆయన వేసిన చిత్రాంగి వేషం ఎంత ప్రసిద్ధి పొందిందంటే, ఆ ఊరి పేరే ఆయన పేరుకు ముందు శాశ్వతంగా నిలిచిపోయింది. రాజరాజ నరేంద్రుని చిన్న భార్యగా వచ్చి సవతి కొడుకును మోహించే చిత్రాంగిని పురుషుడు ధరించడంలో అప్పట్లో వింత ఏమీ లేదు. స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించిన రోజులవి. అయితే సంకోచం, మోహం, ఆగ్రహం ఒకదాని వెంట ఒకటి పలకవలసిన అటువంటి పాత్ర కంఠంలో మార్దవాన్ని కోరుతుంది కాబట్టి, తరవాత మైకు ముందు కనిపించిన మెత్తదనానికి పునాది ఇక్కడే పడిందని ఊహించడానికి వీలుంది. కర్ణాటక సంగీతంలో శిక్షణ, గ్రామఫోను రికార్డులకు పాడిన అనుభవం, జాతీయోద్యమంతో పరిచయం, కొంతకాలం పత్రికారచన అన్నీ అయ్యాకే ఆయన సినిమాకు వచ్చారు. వీటిలో గ్రామఫోను అనుభవం ముఖ్యమైనది. 78 వేగపు రికార్డు ఒక వైపున మూడున్నర నిమిషాలకు మించి పట్టదు కనుక, రంగస్థలం మీద అరగంట విస్తరించగల రాగాన్ని కుదించి సారం మాత్రమే చెప్పే అలవాటు దానివల్ల గాయకులకు అబ్బింది.

ఆయన తొలి చిత్రం 1938లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో రోహిణి సంస్థ తీసిన ‘గృహలక్ష్మి’. సోమరాజు రామానుజరావు నాటకం ‘రంగూన్ రౌడీ’ ఆధారంగా, మద్యపానం, వేశ్యాలోలత ఒక సంసారాన్ని కూల్చిన తీరు చెప్పే ఈ చిత్రంలో కన్నాంబ, కాంచనమాల ప్రధాన పాత్రధారులు. నాగయ్యది నాయక పాత్ర కాకపోయినా ప్రేక్షకుల దృష్టి ఆయన మీద నిలిచింది. ఆ సంస్థలో భాగస్వామిగా ఉన్న బి.ఎన్. రెడ్డి బయటికి వచ్చి మూలా నారాయణస్వామి అండతో వాహినీ సంస్థను నెలకొల్పినప్పుడు, రచయిత సముద్రాల రాఘవాచార్య, ఛాయాగ్రాహకుడు కె. రామనాథ్, కళాదర్శకుడు ఎ.కె. శేఖర్‌లతోపాటు నాగయ్య కూడా ఆ బృందంలో చేరారు. వాహినీ తొలి చిత్రం ‘వందేమాతరం’ (1939) ఉద్యోగం దొరకని పట్టభద్రుని కథ. తరవాతిది ‘సుమంగళి’ (1940). అందులో కందుకూరి వీరేశలింగాన్ని తలపించే వృద్ధ సంస్కర్తగా నటించేనాటికి నాగయ్య వయసు 36 ఏళ్లు మాత్రమే. ‘దేవత’ (1941) తరవాత వాహినీ అన్న పేరుకు చదువుకున్న కుటుంబాల్లో ఒక గౌరవం ఏర్పడింది.

ఈ మూడు సాంఘిక చిత్రాలు జరిపిన మార్పును భక్తి చిత్రాల కీర్తి కొంత మింగేసింది. పంచెకట్టు, కళ్లజోడు, పడక కుర్చీ ఉన్న ఇంటి గదిలో నిలబడి ఎవరూ పందిరి శ్రుతిలో పద్యం ఎత్తుకోలేరు. ఎత్తుకుంటే నవ్వు వస్తుంది. సాంఘిక కథ పాటను సంభాషణకు దగ్గరగా, ఊపిరి వినిపించేంత తక్కువ స్థాయిలో పలకమని కోరింది. ధ్వనిని కాంతిరేఖగా మార్చి ఫిల్ము అంచున ముద్రించే నాటి యంత్రాలు మరీ పెద్ద కంఠానికి గరగరలాడేవి కాబట్టి యంత్రం కూడా అదే కోరింది. నాగయ్యలోని విశేషమేమిటంటే, శాస్త్రీయ శిక్షణను వదులుకోకుండానే ఆయన ఈ రెండు కోరికలనూ తీర్చగలిగారు. గమకాన్ని, అంటే స్వరానికీ స్వరానికీ మధ్య గొంతు చూపే ఊపును, ప్రదర్శన కోసం కాక పాత్ర మనఃస్థితి కోసం వాడారు. ఈ భేదాన్ని స్పష్టంగా చూడదలచినవారికి తమిళంలో రాజా చంద్రశేఖర్ తీసిన ‘అశోక్ కుమార్’ (1941) మంచి సాక్ష్యం. అందులో కుణాలునిగా నటించిన ఎం.కె. త్యాగరాజ భాగవతార్ కంఠం రంగస్థల గానానికి శిఖరమనదగినది. చక్రవర్తి అశోకునిగా నాగయ్య మాటలోనూ పాటలోనూ పాటించిన అణకువ దాని పక్కన వేరే యుగానికి చెందినదిగా తోస్తుంది. భాగవతార్ గొప్పతనాన్ని తగ్గించే మాట కాదిది. రెండు పద్ధతులూ ఒకే చిత్రంలో ఎదురుపడిన అరుదైన సందర్భమది.

జపాన్ దాడి భయంతో మద్రాసు నగరం సగానికి పైగా ఖాళీ అయిన 1942 నాటి అలజడి నడుమ తయారై, 1943 ఆరంభంలో ప్రేక్షకుల ముందుకు వచ్చిన ‘భక్త పోతన’ కె.వి. రెడ్డికి దర్శకుడిగా మొదటి చిత్రం. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వ నిరాకరించి సేద్యంతో బతికిన కవి కథ అది. రాజాశ్రయం, భోగం కోరే శ్రీనాథునిగా గౌరీనాథశాస్త్రి ఎదుట నిలవడంతో కథలో ఘర్షణకు ఆధారం దొరికింది. భక్త కథల్లో సాధారణంగా నాయకుడు కష్టాలు పడుతూ దేవుణ్ణి పిలవడం తప్ప చేసేదేమీ ఉండదు. నాగయ్య పోతనను మృదువుగా మాట్లాడుతూనే లొంగని గృహస్థుగా నిలిపారు; గొంతు పెంచకపోవడమే అక్కడ ధిక్కారంగా పనిచేసింది. చిత్రం తెలుగు జిల్లాలు దాటి కన్నడ, తమిళ ప్రాంతాల్లోనూ ఆదరణ పొందింది. హాలీవుడ్‌లో లూయీ పాశ్చర్, ఎమిల్ జోలా వంటి చారిత్రక వ్యక్తుల పాత్రలకు ప్రసిద్ధుడైన పాల్ మునితో నాగయ్యను పోల్చే వాడుక పత్రికల్లో స్థిరపడింది.

ఆ విజయంతో నిర్మాణానికి దిగిన నాగయ్య చేతుల మీదుగానే పాడే నటుల కాలానికి ముగింపు మొదలు కావడం చరిత్రలోని ఒక చమత్కారం. ఆయన రేణుకా ఫిలింస్ పతాకం మీద పి. పుల్లయ్య దర్శకత్వంలో 1943లో వచ్చిన ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్ పాత్రకు, భీమవరపు నరసింహారావు సంగీతంలో, ఆర్. బాలసరస్వతీదేవి పాడారు. తెర మీద ఒకరు పెదవులు కదుపుతుండగా మరొకరి కంఠం వినిపించే ఈ పద్ధతినే నేపథ్యగానం అంటారు. తెలుగు సినిమాలో నేపథ్యగాన చరిత్రను ఈ పాటతోనే మొదలుపెట్టడం పరిపాటి. రెండేళ్ల తరవాత బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’లో (1945) నాగయ్య నాయకుడే కాక సంగీత బాధ్యత వహించినవారిలో ఒకరు కూడా. యుద్ధకాలపు ముడిఫిల్ము కొరతవల్ల చిత్రం నిడివి 11,000 అడుగులు మించరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టిన రోజులవి; పాటలు పొదుపుగా, కథకు అవసరమైనంత మేరకే కుదించవలసి వచ్చింది. భార్యను వదిలి నటి మోహంలో పడే గృహస్థుగా నాగయ్య ఒక బలహీనుణ్ణి చిత్రించారు. భానుమతికి తారగా గొప్ప పేరు తెచ్చిన ఈ చిత్రంలోనే ఘంటసాల వెంకటేశ్వరరావుకు నేపథ్యగాయకుడిగా తొలి అవకాశం దక్కింది.

1946లో విడుదలైన ‘త్యాగయ్య’కు నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, కథానాయకుడు నాగయ్యే. కీర్తనను కచేరీ వేదిక మీద పాడే క్రమానికీ సినిమాలో పాడే క్రమానికీ తేడా ఉంది. కచేరీలో గాయకుడు కీర్తనను ఆధారం చేసుకుని రాగాలాపన, స్వరకల్పన చేసి తన విద్వత్తును నిరూపించుకుంటాడు, సినిమాలో ఆ కీర్తన ఫలానా రాత్రి ఫలానా దుఃఖంలోంచి పుట్టిందని ప్రేక్షకుడు నమ్మాలి. నాగయ్య రెండోదాన్ని ఎంచుకుని, విస్తరణను దాదాపు పూర్తిగా విడిచిపెట్టి, సాహిత్యం స్పష్టంగా వినిపించే నడకలో పాడారు. సంప్రదాయ సంగీతజ్ఞులకు ఇది పలచగా తోచి ఉండవచ్చు. సభల గడప తొక్కని ఊళ్ల ప్రజలకు త్యాగరాజ కీర్తన ఆర్తి నిండిన తెలుగు మాటగా చేరింది మాత్రం ఈ మార్గంలోనే.

నటనపరంగా వీటన్నిటిలోకీ ఎక్కువ సాహసం చూపినది 1947 నాటి ‘యోగి వేమన’. వేశ్య మోహనాంగి (ఎం.వి. రాజమ్మ) కోసం అన్న ఇంటిని గుల్ల చేసే భోగి, లోహాన్ని బంగారంగా మార్చే రసవాదం వెంట పిచ్చిగా తిరిగే సాధకుడు, అన్న కూతురి మరణంతో సర్వం విడిచిన విరాగి అనే మూడు దశలను ఒకే పాత్రలో పొదిగి, మొదటి దశలోని లాలస కంఠానికీ చివరి దశలోని పొడి కంఠానికీ మధ్య పోలికే లేకుండా చేశారు. కె.వి. రెడ్డి చిత్రాల్లో ఇంత చేదు మరొకదానిలో లేదు; ‘భక్త పోతన’ పొందినంత ఆదరణ దీనికి లభించకపోవడానికి ఆ చేదే కారణం కావచ్చు. కరుణామూర్తి నాగయ్య మాత్రమే తెలిసినవారు మొదటి అరగంటలోని వేమనను చూస్తే కాస్త ఉలిక్కిపడతారు.

ఆ తరవాతి దశాబ్దం పరిస్థితులను మార్చివేసింది. పాటను ముందే రికార్డు చేసి చిత్రీకరణ సమయంలో వినిపించే పద్ధతి స్థిరపడడంతో నిర్మాతలకు పాడగల నటుని అవసరం తీరిపోయింది. తొలినాళ్లలో తన పాటలు తానే పాడుకున్న అక్కినేని నాగేశ్వరరావుకు సైతం ‘దేవదాసు’ (1953) నాటికి ఘంటసాల గళమే గుర్తింపు అయింది. అదే ఏడాది టి.ఆర్. రాజకుమారితో తెలుగు, తమిళ భాషల్లో నాగయ్య తీసిన ‘నా ఇల్లు’ ఆయన్ని ఆర్థికంగా దెబ్బతీసింది. సంపాదించిన రోజుల్లో ఆయన ఆశ్రితులకూ అతిథులకూ పెట్టిన ఖర్చుకు లెక్క లేదు. స్టూడియో యజమానుల మాదిరిగా స్థిరాస్తి మీద ఆధారపడిన వ్యాపారం ఆయనకు ఏనాడూ లేదు. ఈ పతనాన్ని దానగుణానికి మాత్రమే ముడిపెట్టి చెప్పడం అలవాటైంది గానీ, తన ప్రధాన నైపుణ్యానికి బజారులో విలువ పోయిన కళాకారుని స్థితి కూడా అందులో ఉందని గుర్తించాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సరసన ‘మీరా’లో (1945) రాణాగా కనిపించిన నటుడు క్రమంగా తండ్రులు, మునుల పాత్రలకు మళ్లారు, ‘పాండురంగ మహాత్మ్యం’లో (1957) ఎన్.టి. రామారావుకు తండ్రి, ‘లవకుశ’లో (1963) వాల్మీకి, తమిళ ‘పావమన్నిప్పు’లో (1961) కరుణామయుడైన ముస్లిం పెద్ద వంటి పాత్రలు ఆ కోవలోవి. చిన్న వేషంలో కూడా ఆయన మాట తగ్గుస్థాయిలోనే ఉండేది, పక్కనున్నవారు ఎంత బిగ్గరగా మాట్లాడినా.

అరవయ్యో ఏట ఆయన మళ్లీ నిర్మాతగా, దర్శకుడిగా ‘భక్త రామదాసు’ (1964) తీసి, భద్రాచల ఆలయ నిర్మాణం కోసం చెరసాల పాలైన కంచర్ల గోపన్నగా తానే నటించి, ఆ పాత్ర కీర్తనలు తానే పాడారు. అప్పటికి తెలుగు కథానాయకుల్లో ఎవరూ తమ పాటలు పాడుకోవడం లేదు. అదే చిత్రంలో గుమ్మడి ధరించిన కబీరు పాత్రకు మహమ్మద్ రఫీ చేత పాడించడం చూస్తే, కొత్త పద్ధతి మీద నాగయ్యకు విముఖత ఏమీ లేదని, తన పాత్రకు మాత్రం తన గొంతే ఉండాలని ఆయన కోరుకున్నారని అర్థమవుతుంది. చిత్రం డబ్బు తేలేదు. 1965లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. చిన్న పాత్రలతో మరి కొన్నేళ్లు గడిపి 1973 డిసెంబరు 30న మద్రాసులో ఆయన మరణించారు. తరవాత 1981లో బాపు ‘త్యాగయ్య’ను జె.వి. సోమయాజులుతో, 2006లో కె. రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’ను నాగార్జునతో తీసినప్పుడు, పాతికేళ్ల ఎడంతో ఆ ఇద్దరు నటుల పాత్రలకూ ప్రధానంగా గొంతు ఇచ్చిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమే.