పేడ గ్యాస్ ప్లాంటు: కట్టే ముందు రైతులు చూసుకోవాల్సినవి

సిలిండర్ గ్యాస్, డీజిల్ భూమి లోపలి నుంచి తీసేవి. వాడేకొద్దీ తరిగిపోతాయి. పేడ మాత్రం మీ దొడ్డిలో రోజూ దొరుకుతుంది. దాన్ని పిడకలు చేసి కాలిస్తే చేనుకు అందాల్సిన నత్రజని పొయ్యిలోనే పోతుంది. గోబర్ గ్యాస్ ప్లాంటులో వేస్తే వంటకు గ్యాస్, పొలానికి ఎరువు రెండూ దక్కుతాయి.

ఎంత సైజు కట్టాలి?
కిలో పచ్చి పేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. 1 ఘనపు మీటరు ప్లాంటుకు రోజుకు 25 కిలోలు, 2 ఘనపు మీటర్లకు 50 కిలోల పేడ కావాలి. ఆవు రోజుకు సుమారు 10 కిలోలు, గేదె 15 కిలోలు వేస్తుంది. మేతకు తోలే పశువులైతే దొడ్డిలో దొరికేది ఇంకా తక్కువ. అందుకే వారం రోజులు పేడ తూకం వేసి చూడండి. రాయితీ వస్తుందని పెద్ద ప్లాంటు కట్టి, పేడ చాలక మూలన పడేయవద్దు. రెండు గేదెలున్న ఇంటికి 1 ఘనపు మీటరు చాలు. నలుగురైదుగురి వంటకు 2 ఘనపు మీటర్లు సరిపోతుంది.

ఎక్కడ కట్టాలి?
ఎండ తగిలేచోట, దొడ్డికీ వంటింటికీ దగ్గరగా కట్టాలి. తాగునీటి బావికి, పెద్ద చెట్లకు దూరంగా ఉండాలి.

రోజువారీ పని
పేడ, నీళ్లు సమానంగా తీసుకుని ఉండలు లేకుండా కలిపి పోయాలి. గడ్డి, మట్టి, ఫినాయిల్ కలిసిన నీళ్లు పడకూడదు. మొదటిసారి నింపాక గ్యాస్ రావడానికి కొన్ని వారాలు పడుతుంది. చలికాలంలో గ్యాస్ తగ్గడం సహజం. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీరు చేరినట్టే, తీసేయాలి.

బయటికి వచ్చే స్లర్రీని పారబోయవద్దు. సాగునీటితో కలిపి పారించవచ్చు, లేదా ఎండుటాకులు, చెత్తతో కలిపి కంపోస్టు చేసుకోవచ్చు.

జాగ్రత్త
పాత ప్లాంటు గుంతలోకి ఎవరూ దిగకూడదు. లోపలి విషవాయువుకు మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు. కాపాడబోయి వెనకే దిగినవారికీ అదే ప్రమాదం. గ్యాస్ కారుతోందేమోనని అగ్గిపుల్ల గీయవద్దు, సబ్బు నురగ రాసి చూడండి.

రాయితీ వివరాలు మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి తెలుసుకున్నాకే పని మొదలుపెట్టండి.