బెంగళూరు సేబూ, దొరల కుడుమూ

ఆంధ్రా వైపు చుట్టాలు కూరగాయల అంగట్లో సీమ వంకాయ కొనాలంటే "బెంగళూరు వంకాయ" అని అడుగుతారు. చిత్తూరు జిల్లా రైతు తోతాపురి మామిడిని "బెంగళూరా" అంటాడు. మనం తరతరాలుగా ఉంటున్న ఊరి పేరు ఇట్లా ఒక కాయకూ ఒక పండుకూ అంటుకుని తెలుగులో తిరుగుతా ఉంది. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఆపిల్ కూడా పండేదంటే మాత్రం ఇప్పటి మన పిల్లలు నమ్మరు. సేబు అని కన్నడం మాటతోనే మన ఇండ్లల్లో దాన్ని పిలిచేవాళ్ళు, ఇప్పుడూ పెద్దవాళ్ళు అట్లే అంటారు.

ఆ సేబుతో మన ఇంట్లో చేసే తీపి ఒకటుంది. దాని పేరు దొరల కుడుము. పండు పండుగానే పిండిలో చుట్టి ఉడికించడమో కాల్చడమో చేస్తారు. ఇంగ్లీషులో ఆపిల్ డంప్లింగు. దీని మీద మనవాళ్ళలో రెండు పక్షాలు. "ఇది తెల్లవాళ్ళ తిండి, మన ఇంటి చరిత్రలో దీనికేం పని" అనేది ఒక పక్షం. "మన జేజెమ్మ కనిపెట్టింది, వేరే ఎక్కడా లేదు" అనేది ఇంకొకటి. రెండూ నిలిచే మాటలు కావు. జేజెమ్మ కనిపెట్టలేదు. అట్లాగని ఇది మనది కాకుండానూ పోలేదు. ఎట్లాగో చూద్దాం.

డంప్లింగు పుట్టింది బీదవాళ్ళ వంటింట్లో. ఇంగ్లండులో పొయ్యి ఉండే ఇళ్ళు ఎక్కువ, కాల్చే ఓవెన్ ఉండే ఇళ్ళు తక్కువ. అందుకని పండును పిండిలో చుట్టి, గుడ్డలో మూటగట్టి, మరిగే నీళ్ళలో వేసేవాళ్ళు. 1747లో హన్నా గ్లాస్ అనే ఆవిడ అచ్చు వేసిన ఇంగ్లీషు వంటల పుస్తకంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. గుడ్డను నీళ్ళలో తడపాలి, దాని మీద పిండి చల్లాలి, ఒక్కొక్క కుడుమును విడివిడిగా కట్టాలి. చదువుతుంటే మనకు వాసెన గుడ్డ గుర్తుకొస్తుంది. కుండ మూతికి తడిగుడ్డ కట్టి ఆవిరి మీద కుడుములు ఉడికించిన ఇల్లాలికి ఈ ఇంగ్లీషు పద్ధతిలో కొత్త ఏమీ కనిపించదు.

అదే శతాబ్దంలో మూడో జార్జి రాజు మీద ఒక ఎగతాళి కవిత వచ్చింది. పీటర్ పిండార్ అనే మారుపేరుతో జాన్ వాల్కాట్ రాశాడు. రాజు ఒక ముసలమ్మ గుడిసెలోకి పోయి డంప్లింగులు చూసి, ఎక్కడా అతుకు కనిపించటం లేదే, లోపలికి ఆపిల్ ఎట్లా పోయింది అని తబ్బిబ్బవుతాడు. మన దగ్గర ఎవరైనా దొర పూర్ణం బూరెను పట్టుకుని ఇదే మాట అడిగుంటే మన అవ్వలు నెల రోజులు నవ్వుకునేవాళ్ళు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు ఇంగ్లండు గద్దె మీద ఉన్నది ఈ రాజే. 1809లో బెంగళూరు కంటోన్మెంటు ఏర్పడినప్పుడూ ఈయనే.

ఆ కంటోన్మెంటు వల్లే మనవాళ్ళు ఇక్కడికి వచ్చారు. మద్రాసు సైన్యం వెంట అరవం వాళ్ళూ తెలుగువాళ్ళూ గుంపులుగా తరలొచ్చారు. సిపాయిలు, బట్టల వర్తకులు, దినుసులు సరఫరా చేసేవాళ్ళు, బంగళాల్లో వంటవాళ్ళు, తోటమాలులు. మనవాళ్ళు చిత్తూరు వైపు నుంచి. అప్పటికది ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేది, చిత్తూరు సొంతంగా జిల్లా అయింది 1911లో. హలసూరులో అంగడి పెట్టుకున్నారు. 1881లో మైసూరు రాజ్యాన్ని ఒడయార్లకు తిరిగి ఇచ్చినా కంటోన్మెంటును మాత్రం ఇంగ్లీషువాళ్ళు తమ చేతిలోనే ఉంచుకున్నారు, 1947 దాకా. అంటే మనం మైసూరు ఊళ్ళో ఉంటూ బ్రిటిషు వీధిలో అంగడి నడిపిన జనం. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, పేటలోకి పోతే కన్నడం, బంగళాలో బట్లరు ఇంగ్లీషు.

బంగళా వంటింటి నుంచి హలసూరు వంటింటికి ఈ కుడుము రావడానికి ఒక అడ్డం ఉండింది. దాన్ని ఎవరూ చెప్పుకోరు గానీ అసలు సంగతి అదే. ఇంగ్లీషు డంప్లింగు పై పిండిలో చాలా ఇళ్ళల్లో వేసేది వెన్న కాదు, సూయెట్. ఎద్దు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. దాన్ని సన్నగా తురిమి పిండిలో కలిపితే ఉడికేటప్పుడు కరిగి పిండిలో చిన్న చిన్న గూళ్ళు చేస్తుంది, అందుకే పై పిండి గుల్లగా వస్తుంది. వెన్న దానికంటే తక్కువ వేడికే కరిగిపోతుంది, ఆ గూళ్ళు అంత బాగా నిలవవు. వంట లెక్కలో సూయెట్ గొప్పదే. మన వంటింట్లోకి మాత్రం రాగలిగిన వస్తువు కాదు. బంగళాలో పని చేసే వంటాయన భార్య పక్కింటావిడ అయినా సరే, ఆవిడ తెచ్చిన పండు కుడుమును మన జేజెమ్మ ముట్టలేదని ఇంట్లో చెప్పుకుంటారు. తినలేదు గానీ ఎట్లా చేస్తారో అడిగి తెలుసుకుంది.

ఆమె చేసిన మార్పు చిన్నది. సూయెట్ తీసేసి పేరిన నెయ్యి వేసింది. అది కూడా చలికాలంలోనే. బెంగళూరు డిసెంబరులో నెయ్యి రాయిలాగా గడ్డకడుతుంది. ఆ గడ్డను కత్తితో గీకి పిండిలో వేసేది, చేతి వేడికి కరగకముందే గబగబా కలిపేది. ఆ నెలలు దాటితే చేసేది కాదు. దొరల కుడుము చలి పండగల తీపి ఎందుకయిందో దీన్ని బట్టి తెలుస్తుంది. క్రిస్మసు చూసి చేశారని కొందరు అనుకుంటారు, అది సరి కాదు. 1937లో డాల్డా వచ్చాక ఎండాకాలం కూడా చేయడం కుదిరింది, కానీ ఆ రుచి గురించి మాట్లాడకపోవడమే మేలు.

ఇప్పుడు పండు సంగతి. మా దగ్గర ఉన్న పాత నోటుపుస్తకంలో ఈ వంటకు రాసింది ఆరే వరుసలు. కొలతలు లేవు. కానీ మొదటి వరుసలోనే ఉంది: గట్టి సేబు, పులుపు ఉండేది, మన తోట సేబు అయితే మేలు. మన తోట అంటే మన కుటుంబానికి తోట ఉండిందని కాదు. బెంగళూరు చుట్టుపక్కల తోటలని అర్థం.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఈ ఊరి చుట్టూ ఆపిల్ పండించారు. రకం పేరు రోమ్ బ్యూటీ. దీని పుట్టిల్లు ఇటలీ రోము కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున రోమ్ అనే చిన్న ప్రాంతం ఉంది. 1817 ప్రాంతంలో గిల్లెట్ అనే కుటుంబం నర్సరీ నుంచి తెచ్చుకున్న మొక్కల్లో ఒకటి వేరేగా మొలిచింది. పనికిరాదనుకున్న ఆ మొక్కను ఒక పక్కన నాటితే, ఎర్రగా నున్నగా గుండ్రంగా కాయలు కాసింది. పచ్చిగా తింటే మరీ గొప్పగా ఉండదు. పొయ్యి మీద పెడితే మాత్రం దాని అసలు గుణం బయటపడుతుంది. ఎంత కాల్చినా కండ చెదరదు, ఆకారం నిలబడుతుంది, పులుపు పోదు. అమెరికాలో కాల్చే వంటలకు పేరుపడిన ఆపిల్ అది. పెన్సిల్వేనియాలోని జర్మన్ సంతతి రైతులు ఆపిల్ డంప్లింగును గుడ్డలో ఉడికించడంతో ఆగకుండా ఓవెన్‌లో కాల్చి, పాలు పోసుకుని రాత్రి భోజనంగానే తినేవాళ్ళు. అట్లాంటి వంటకు ఇట్లాంటి పండే కావాలి.

ఆపిల్ చెట్టుకు చలికాలంలో నిద్ర కావాలి. కొన్ని వందల గంటలు ఏడు డిగ్రీల లోపు చలి తగలకపోతే చాలా రకాలు సరిగా పూత పట్టవు. బెంగళూరు సముద్ర మట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉన్నా ఇక్కడ రికార్డయిన అతి తక్కువ చలి 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో ఒక్కసారి. అంటే ఈ ఊళ్ళో ఆపిల్‌కు దేవుడిచ్చే నిద్ర లేదు. వేడి దేశాల్లో దీనికి ఒక ఉపాయం ఉంది. నీళ్ళు ఆపి చెట్టును బెట్టకు పెట్టి, ఆకులన్నీ దూసేస్తారు. చెట్టు చలికాలం వచ్చి పోయిందనుకుని మళ్ళీ చిగురు పూత వేస్తుంది. మల్లె తోటలు చూసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. జావా దీవిలో మలంగ్, బతు ఊళ్ళ దగ్గర కొండల మీద ఈ పద్ధతిలోనే ఈ నాటికీ రోమ్ బ్యూటీ పండిస్తున్నారు. డచ్చివాళ్ళ కాలంలో మొదలైన తోటలవి. బెంగళూరులో ఆ చెట్లు నిలవలేదు. ఆ నేలంతా ఇప్పుడు లేఅవుట్లు.

అయితే తోటలు పోవడం ఒక్కటే కారణం కాదని మా అభిప్రాయం. ఉత్తరాదిలో ఇంకొక కథ జరిగింది. 1870 ప్రాంతంలో కెప్టెన్ లీ అనే ఇంగ్లీషు ఆయన కుల్లూ లోయలో తోట వేశాడు. ఇంగ్లండు రకాలు, పులుపెక్కువ. జనానికి నచ్చలేదు. తరవాత 1916లో శామ్యూల్ స్టోక్స్ సిమ్లా పైన కోట్‌గఢ్ దగ్గర అమెరికా నుంచి రెడ్ డెలిషస్ మొక్కలు తెచ్చి నాటాడు. ఆయనే తరవాత సత్యానంద స్టోక్స్ అయినాడు, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకూ పోయినాడు. తియ్యగా, ఎర్రగా, నాజూకుగా ఉండే ఆ పండు దేశమంతా గెలిచింది. కొండ రైతుల జీవితాలు మారిపోయినాయి, దాన్ని తక్కువ చేయలేం. విచిత్రం ఏమంటే స్టోక్స్ పుట్టింది ఫిలడెల్ఫియాలో, డంప్లింగులకు పేరుమోసిన పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే. ఆయన తెచ్చింది మాత్రం డంప్లింగుకు బొత్తిగా పనికిరాని పండు! రెడ్ డెలిషస్‌ను కాల్చితే పిండి పిండిగా చితికిపోతుంది, చప్పగా అవుతుంది.

మన దేశంలో ఆపిల్ అంటే కోసుకుని పచ్చిగా తినే పండు, జబ్బు మనిషిని చూడడానికి పట్టుకుపోయే పండు. వంటలోకి పెద్దగా రాలేదు. మామిడికీ చింతకూ ఉసిరికీ ఉన్నట్టు దానికి వంటింట్లో చోటు దొరకలేదు. పులుపు ఉండేది వెనకపడిపోయి తీపి ఒక్కటే మిగలడం దీనికి కారణం అనుకుంటాం. మన ఇంట్లో వంట నిలిచింది గానీ దానికి తగిన పండు పోయింది. యాభై ఏళ్ళుగా మన ఆడవాళ్ళు రసెల్ మార్కెట్లో దొరికిన సిమ్లా సేబుతో దొరల కుడుము చేస్తున్నారు, ప్రతిసారీ "లోపల గుజ్జయిపోయింది" అనుకుంటున్నారు. తప్పు చేతిది కాదు.

కాబట్టి ఇప్పుడు చేయాలనుకునే పిల్లలు ముందు పండు చూసుకోండి. పచ్చగా, పుల్లగా ఉండే గ్రానీ స్మిత్ ఇప్పుడు పెద్ద అంగళ్ళలో దొరుకుతుంది. రోమ్ బ్యూటీ కాదు గానీ నిప్పుకు నిలబడే పండే. మధ్య రకం సైజు నాలుగు తీసుకోండి. మైదా మూడు వందల గ్రాములు, చిటికెడు ఉప్పు, ఫ్రిజ్‌లో గట్టిపడిన నెయ్యి గానీ ఉప్పు లేని వెన్న గానీ నూట యాభై గ్రాములు. కొవ్వును చిన్న ముక్కలు చేసి వేళ్ళ కొసలతో పిండికి పట్టించండి, పెసరగింజంత ముక్కలు అక్కడక్కడ మిగలాలి. చన్నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లి ముద్ద చేయండి. చపాతి పిండిలాగా మర్దించకూడదు, మర్దిస్తే గట్టిపడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

పండ్లు చెక్కు తీసి, అడుగు తెగకుండా నడిమి గింజల భాగం తోడేయండి. ఆ గుంటలో బెల్లం తురుము, చెక్క పొడి, ఒక లవంగం, కొంచెం నెయ్యి. జేజెమ్మ రెండు ఎండుద్రాక్షలు పెట్టేదట. పిండిని నాలుగు భాగాలు చేసి ఒక్కొక్కటి జానెడు చదరంగా ఒత్తి, నడుమ పండు పెట్టి, నాలుగు మూలలూ పైకి తెచ్చి తడిచేత్తో అతికించండి. అతుకు గట్టిగా ఉండాలి, రాజుగారికి కూడా కనిపించకూడదు. లోతు గిన్నెలో పెట్టి, ఒక కప్పు నీళ్ళలో ఒక కప్పు బెల్లం కరిగించి వడగట్టిన పాకం చుట్టూ పోయండి. 190 డిగ్రీల్లో నలభై అయిదు నిమిషాలు. నడుమ రెండు సార్లు ఆ పాకమే చెంచాతో పైన పోయాలి. సన్నటి పుల్ల గుచ్చితే పండులోకి సులువుగా దిగాలి.

ఓవెన్ లేనివాళ్ళు పాత పద్ధతిలో తడి గుడ్డలో విడివిడిగా కట్టి ఇడ్లీ పాత్రలో ముక్కాలు గంట ఆవిరి పట్టండి, పాకం తరవాత పోసుకోవచ్చు. రంగు రాదు, రుచికి లోటు లేదు. వేడిగా ఉన్నప్పుడే, పైన చల్లటి పాలు పోసుకుని తినాలి. మిగిలితే మరుసటి రోజు పెనం మీద నేతిలో అన్ని వైపులా తిప్పి కాల్చుకోవచ్చు. మా ఇంట్లో ఆ రెండో రోజు ముక్క కోసమే ఒకటి ఎక్కువ చేస్తాం.