నెపం చలిది, దెబ్బ ఎండది

సంఘం ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు కొంత వ్రాయాలని కార్యవర్గం కోరింది. తహసీల్దార్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు వ్రాసినవి ఇదివరకు చాలా చదివాం. బండి తోలినవారు వ్రాసింది తక్కువ. నేను 1974లో మన జిల్లాలో ఒక పంచాయతీ సమితి జీపు డ్రైవరుగా చేరి, 2010లో పదవీ విరమణ చేశాను. కనుక ఆ పాత పెట్రోలు బండ్లు తెల్లవారుజామున ఎందుకు మొరాయించేవో, స్టార్టయిన తర్వాత కూడా ఎందుకు కుదురుగా నిలిచేవి కావో, మేము వాటి రోగం ఎలా పట్టేవాళ్లమో నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

1959లో సమితులు ఏర్పడ్డాయి. 1980ల మధ్యలో మండలాలు వచ్చేదాకా పల్లెలో ప్రభుత్వమంటే బి.డి.ఓ. గారు, బి.డి.ఓ. గారంటే జీపు. బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ నమూనా మీద తయారుచేసిన జీపు అది. నాలుగు సిలిండర్లు, ఇంచుమించు 2.2 లీటర్ల ఇంజను. కరువు పనులు, చెక్‌డ్యాములు, పశువుల శిబిరాలు, బోరు బావుల తనిఖీ, అన్నీ దాని మీదే. 1973-74లో కరువు పీడిత ప్రాంతాల పథకం వచ్చాక తిరుగుడు మరీ ఎక్కువైంది. సాలీనా 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జిల్లా కదా! పైగా 108 అంబులెన్సు మన రాష్ట్రానికి వచ్చింది 2005లో. అంతకుముందు కాన్పు కష్టమైనా, పాము కరిచినా, జనం వచ్చి తలుపు తట్టేది సమితి జీపు డ్రైవరింటికే.

అలాంటి ఒక రోజు 1978 డిసెంబరులో. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి రెండు రోజులుగా నొప్పులు పడుతున్న అమ్మాయిని ఎద్దుల బండిలో తెచ్చారు. తెల్లవారుజాము నాలుగు గంటలు. అనంతపురం పెద్దాసుపత్రికి అరవై కిలోమీటర్లు. సెల్ఫ్ నొక్కితే ఇంజను మూలిగి మూలిగి ఆగిపోయింది. చుట్టూ చేరినవారంతా “చలికి పట్టేసింది, వేడినీళ్లు పోయండి” అన్నారు. ఎవరో అప్పటికే పొయ్యి కూడా రాజేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పదిహేను, పదహారు డిగ్రీలుంటే అదే మనకు గొప్ప చలి. చల్లని ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు, మానిఫోల్డు గోడలకు అంటుకుపోతుంది. అందుకే చోక్ లాగి గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచుతాం. అంతవరకు నిజమే. కానీ మంచు కురిసే దేశాల్లో కూడా ఇవే ఇంజన్లు నడిచాయి. పదిహేను డిగ్రీలకు మొరాయించే బండికి రోగం చలి కాదు, ఇంకేదో ఉంది. దాన్ని చలి బయటపెడుతుందంతే.

ఆ “ఇంకేదో” సాధారణంగా బ్యాటరీ. బ్యాటరీని చంపేది చలి అనుకుంటారు గానీ, చంపేది మన ఏప్రిల్, మే నెలల ఎండ. బానెట్ కింద ఆ వేడికి నీరు ఆవిరై పలకలు దెబ్బతింటాయి. వేసవిలో ఇంజను ఆయిలు పలుచగా ఉంటుంది గనుక బలహీనమైన బ్యాటరీ కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. మార్గశిరం వచ్చి ఆయిలు చిక్కబడేసరికి దాని బండారం తెలిసిపోతుంది. దీనికి తోడు డిస్టిల్డ్ వాటర్ దొరకలేదని బోరునీళ్లు పోసేవారు. మన బోరునీటిలో ఉండే లవణాలు తెలిసినవే, ఫ్లోరైడుతో ఎన్ని ఊళ్లు బాధపడ్డాయో మన పంచాయతీరాజ్ ఇంజనీరు మిత్రులకు చెప్పనక్కరలేదు. ఆ నీరు బ్యాటరీకి విషం. రేడియేటరులో పోస్తే సున్నంలా పేరుకుంటుంది.

ఇంకొక సూక్ష్మముంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ శక్తి చాలావరకు అదే తాగేస్తుంది. పన్నెండు వోల్టులు తొమ్మిదికో, ఇంకా కిందికో దిగజారుతాయి. అప్పుడు కాయిల్‌కు అందేది చాలక ప్లగ్గులో నిప్పు నీరసంగా పడుతుంది. అదే ముందు నుంచి హ్యాండిల్ వేసి చేతితో తిప్పితే, బ్యాటరీలో మిగిలిన కొద్ది శక్తీ కాయిల్‌కే పోతుంది. సెల్ఫ్‌కు లొంగని బండి హ్యాండిల్‌కు లొంగేది ఇందుకే. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్‌ను 1912లో కాడిలాక్ కారుకు బిగించినప్పుడు, ఇక హ్యాండిల్‌తో పని లేదన్నారట. మనకు మాత్రం ఇంకో అరవై, డెబ్బై ఏళ్లు పని పడింది! హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచి, పైకి లాగాలి. చుట్టి పట్టుకున్నవాడికి ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.

ఆ రోజు నేను పొయ్యి దగ్గరికి పోలేదు. డిస్ట్రిబ్యూటరు మూత విప్పి టార్చి వేసి చూస్తే పాయింట్లు నల్లబడి, ఒకవైపు గుంట, ఒకవైపు బొడిపె కట్టి ఉన్నాయి. ఎమరీ ముక్కతో రుద్ది, గ్యాపు సరిచేసి, మూత లోపల పొడిగుడ్డతో తుడిచాను. చోక్ లాగి హ్యాండిల్ తిప్పితే మూడో ఊపుకు అందుకుంది. మొత్తం ఇరవై నిమిషాలు. ఆ అమ్మాయికి మధ్యాహ్నం ఆపరేషన్ అయింది, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. మరుసటి సంవత్సరం ఆడిట్‌లో ఆ నూట ఇరవై కిలోమీటర్లకు అభ్యంతరం వ్రాశారు. అది అధికారిక ప్రయాణం కాదట! బి.డి.ఓ. గారు వివరణల మీద వివరణలు పంపితే గానీ ఆ పేరా డ్రాప్ కాలేదు.

స్టార్టయ్యాక ఐడ్లింగు నిలవకపోవడం వేరే కథ. బండి నిలబెడితే వణుకుతుంది, మిస్సింగ్ కొడుతుంది, ఆక్సిలరేటరు మీద కాలు తీస్తే ఆగిపోతుంది. చాలామంది మెకానిక్కులు రాగానే స్క్రూడ్రైవరు తీసుకుని కార్బురేటర్ మీద పడేవారు. నాకు పని నేర్పిన పెద్దాయన దాన్ని చివర ముట్టుకోమనేవాడు. ముందు నిప్పు, తర్వాత గాలి, తర్వాత పెట్రోలు. ఇంజను నడుస్తుండగా ఇన్సులేషన్ ఉన్న పటకారుతో ఒక్కొక్క ప్లగ్గు వైరే తీసి పెట్టాలి. ఏ వైరు తీస్తే శబ్దంలో మార్పు రాదో ఆ సిలిండరు పని చేయడం లేదన్నమాట. ఆ ప్లగ్గు విప్పి ముక్కు చూడాలి. లేత గోధుమరంగైతే మంచిది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలి ఉంటే గాలి ఎక్కువ, తడిగా నూనె ఉంటే రింగులు అరిగాయి.

గాలి సంగతిలో మన జిల్లా దుమ్ము ప్రత్యేకం. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఇసుక గాలికి లేచి పొలాల మీదికి వస్తుంది. వేరుశనగ పీకే రోజుల్లో ఏ బాట చూసినా ఎర్రదుమ్మే. ఎయిర్ క్లీనరు గిన్నెలో ఆయిలు వారానికే బురదయ్యేది. అది మూసుకుపోతే గాలి తగ్గి ప్లగ్గులు మసిబారతాయి. అంతకన్నా మోసకారి ఇంకొకటి. కార్బురేటర్ లోని త్రాటిల్ కడ్డీని దుమ్ము ఆకురాయిలా అరగదీసి, పక్క నుంచి దొంగగాలి లోపలికి పోనిస్తుంది. మానిఫోల్డు గాస్కెట్టు పాడైనా అంతే. స్క్రూలు ఎంత తిప్పినా అలాంటి బండి కుదురుకోదు. అనుమానమున్నచోట సబ్బునీళ్లు తడిపితే ఇంజను శబ్దం క్షణం మారుతుంది. అదే గుర్తు.

కిరసనాయిలు కలిసిన పెట్రోలు బాధ వేరు. వడపోత కాగితం మీద చుక్క వేస్తే మంచి పెట్రోలు మరక మిగల్చకుండా ఆరిపోతుంది.

అధికారుల అంబాసిడర్లకు కూడా సూత్రాలివే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర మొదలైన ఆ కారు 2014 దాకా తయారైంది. దాని ఎస్.యు. కార్బురేటర్‌లో చోక్ లాగితే గాలి మూత పడదు, జెట్టే కిందికి దిగి పెట్రోలు పెంచుతుంది. పైనున్న గొట్టంలో పలుచని ఆయిలు తగ్గితే ఆక్సిలరేటరు తొక్కగానే తడబడుతుంది. ఈ చిన్న విషయం తెలియక ఎంతమంది ఇంజను విప్పించారో! పాయింట్ల గ్యాపు అంగుళంలో వెయ్యికి పదిహేను వంతులు, ప్లగ్గుకు ఇరవై అయిదు. ఫీలర్ గేజి లేకుండా కంటితో పెట్టగల డ్రైవర్లు మనలో ఉండేవారు.

2000 తర్వాత కొత్త కార్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఇంజను ఎంత చల్లగా ఉందో సెన్సారు చూసి చెబుతుంది, కంప్యూటరు పెట్రోలు కొలిచి పోస్తుంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం ప్రారంభమైంది. జీపు తోయడానికి మనుషులను పిలిచిన దారి పక్కనే ఇప్పుడు కార్లు తయారవుతున్నాయి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు గనుక ఆఫీసుల ఆవరణల్లో మిగిలిన పాతబండ్లు కూడా తుక్కుకు పోతున్నాయి.

అయినా మన సభ్యులలో కొందరి ఇళ్లలో పాత అంబాసిడరో, ఫియటో గుడ్డ కప్పి ఉంది. వారికి ఒక్క విషయం. 2023 నుంచి బంకుల్లోకి ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ పాతకాలపు రబ్బరును మెత్తబరచి చీలుస్తుంది, తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి బండి కదపకపోతే ఆ తేమ ఇథనాల్‌తో కలిసి టాంకు అడుగున చేరుతుంది. తర్వాత చలికాలంలో స్టార్టు కాకపోతే మళ్లీ చలినే అంటారు! పంపు డయాఫ్రం, పెట్రోలు గొట్టాలు కొత్త రకం రబ్బరువి వేయించండి, నెలకు రెండుసార్లయినా బండిని ఊరి చివరిదాకా తిప్పండి. బ్యాటరీని మాత్రం దసరాకు ముందే చూపించండి, సంక్రాంతి దాకా ఆగవద్దు.