గని తవ్వినవారి పేర్లేవి?



పెద్ద అంబర్‌పేట్ మీదుగా విజయవాడకు పోయే రోడ్డు మనం రోజూ చూసేదే. బస్సులు, లారీలు, ఔటర్ రింగ్ రోడ్డు దిగి వచ్చే కార్లు, ఆ రొదలో చరిత్ర గుర్తుకు రావడం కష్టం. అయితే ఈ దారి చాలా పాతది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఇటువైపు నుండే సాగింది. మనకు దగ్గర్లోని హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం కట్టించిన మసీదు ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ బాటసారుల కోసం వందకు పైగా గదుల సరాయి, దగ్గరే ఒక పెద్ద దిగుడు బావి. బందరు బాట పట్టిన వ్యాపారులు అలాంటి చోట ఆగి, ఎడ్లకు నీళ్లు పెట్టి, తెల్లవారక ముందే మళ్లీ కదిలేవారు. వారి మూటల్లో అద్దకపు గుడ్డలు ఉండేవి. కొందరి నడుముకు కట్టిన చిన్న సంచుల్లో వజ్రాలు ఉండేవి.

ఆ వజ్రాలు ఎక్కడివి? ఎక్కువ పేరుపడినవి కృష్ణానది కుడిగట్టున, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరువి. 18వ శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలంటే ప్రధానంగా మన దేశమే. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి కొల్లూరుకు వచ్చి, చూసింది రాసిపెట్టాడు. గోల్కొండ నుండి ఏడు రోజుల ప్రయాణమని, ఆ చోటిని ఈ దేశపు భాషలో 'గని' అంటారని రాశాడు. ఆయన దాన్ని ఊరి పేరు అనుకున్నాడు. మనవాళ్లు చెప్పింది మాత్రం మామూలు మాట. ఎక్కడికి పోతున్నావంటే "గనికి" అని ఉంటారు.

అక్కడ సుమారు 60,000 మంది పని చేస్తున్నారని ఆయన లెక్క. ఆయనకంటే ముందు, 1620ల్లో వచ్చిన ఇంగ్లీషు వ్యాపారి మెథ్వోల్డ్ 30,000 మంది అన్నాడు. లెక్కలు ఏవైనా, అది ఒక పట్టణమంత జనం. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతున నీళ్లు పడగానే ఆ గుంట వదిలేసి మరోచోట మొదలుపెట్టేవారు. తవ్విన మట్టిని చిన్న ప్రహరీ కట్టిన కళ్లంలో పోసి, నీళ్లు నింపి, ఒకటి రెండు రోజులు నానబెట్టేవారు. నీళ్లు వదిలేసి ఎండబెట్టేవారు. ఎండిన మట్టిని ధాన్యంలా తూర్పారబట్టి, గడ్డలను కర్ర రోకళ్లతో దంచి, మళ్లీ తూర్పారబట్టి, చివరికి వరుసగా కూర్చుని చేత్తో ఏరేవారు.

ఈ పనులన్నీ మనకు తెలిసినవే, గమనించండి. నానబెట్టడం, ఆరబెట్టడం, చేటతో చెరగడం, దంచడం, ఏరడం. మన అమ్మమ్మలు గింజల కోసం చేసిన పనినే ఆ తల్లులు రాళ్ల కోసం చేశారు. ఆ గని బయటపడిన తీరు గురించి టావెర్నియే విన్న కథ కూడా అలాంటిదే. ఒక బీదవాడు పంట వేసుకుందామని నేల తవ్వుతుంటే మొనదేలిన రాయి ఒకటి దొరికిందట. మరో గని దగ్గర పనివాడి జీతం ఏడాదికి మూడు వరహాలని ఆయనే రాశాడు.

టావెర్నియే మన దేశం నుండి తీసుకుపోయి ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మిన నీలి వజ్రం కొల్లూరుదేనని చాలామంది పండితుల అభిప్రాయం. తర్వాత దాన్ని కోసి, సానబట్టగా మిగిలిన 45.52 క్యారెట్ల రాయిని హోప్ వజ్రం అంటున్నారు. అది ఈనాడు వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ఉంది. దాన్ని కొన్నవారి పేర్లు, అమ్మినవారి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. దాన్ని మట్టిలోంచి ఏరిన చేయి ఎవరిదో ఏ పుస్తకంలోనూ లేదు.

కొల్లూరు నేల మీద నడిచి చూద్దామంటే ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. గనుల నేలను కాళ్లతో నడిచి తెలుసుకోవాలంటే నీళ్లు తక్కువైన రాయలసీమకే పోవాలి. అనంతపురం, కర్నూలు ప్రాంతాల మెరక నేలలు అవి. ఎర్రమట్టి, గుండ్లు తేలిన గుట్టలు, తుమ్మచెట్లు, వేరుశనగ చేలు. వానలు తక్కువ కాబట్టి అడవి కమ్ముకోలేదు, మనిషి చేసిన గాయం నేల మీద వందల ఏళ్లు అలాగే నిలిచిపోయింది.

గుత్తి నుండి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. రోడ్డు దిగి కాస్త నడిస్తే గుండ్ల మీద అశోకుని శాసనాలు కనిపిస్తాయి. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. 1920ల చివర్లో వీటిని గుర్తించింది ఒక భూగర్భ శాస్త్రవేత్త. దగ్గర్లోని జొన్నగిరి పరిసరాల్లో ప్రాచీనులు బంగారం కోసం తవ్విన ఆనవాళ్లున్నాయి. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనంలో వచ్చే మౌర్యుల దక్షిణ కేంద్రం సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు, మస్కి ప్రాంతమని, కనకగిరి అని మరికొందరు అన్నారు. ఎర్రగుడి గుండ్ల మీద ఒక మాట మాత్రం అందరికీ స్పష్టమే. తల్లిదండ్రులకు విధేయులై ఉండాలని, ప్రాణుల పట్ల దయ చూపాలని చెబుతూ, దాసులతోనూ సేవకులతోనూ సరిగా మెలగాలని కూడా రాజు చెక్కించాడు. బంగారు గుంటలకు ఇంత దగ్గరలో ఆ మాట ఉండడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. గుంటలోకి దిగినవాడికి ఆ మాట చదవడం వచ్చి ఉండదు. అది అతని మీద పెత్తనం చేసేవాడి కోసం రాసింది.

ఆ కాలపు పని ఎలా ఉండేదో రాయచూరు జిల్లా హట్టి గనులు చూపిస్తాయి. ఒకప్పుడు అది నిజాం రాజ్యంలోని నేల. అక్కడి పాత గుంటల్లో దొరికిన కొయ్య సుమారు 2000 ఏళ్ల నాటిదని తేలింది. ఇనుప ఉలికి లొంగని రాతిని ఆనుకుని మంట వేసేవారు. రాయి కాగాక నీళ్లు చల్లితే పగుళ్లిచ్చేది. పొగ నిండిన ఇరుకు సందులో, నూనె దీపం వెలుగులో ఆ ముక్కలను పెకలించి పైకి అందించేవారు. పైన వాటిని రాతి గుంటల్లో దంచి, పొడి చేసి, నీళ్లతో కడిగేవారు.

సీమలో వజ్రాల వేట మాత్రం చరిత్రలో కలిసిపోలేదు. వజ్రకరూరు దగ్గర కింబర్లైట్ అనే రాతి గొట్టాలున్నాయి. వంద కోట్ల ఏళ్లకు ముందు భూమి లోతుల నుండి ఆ రాయి వజ్రాలను మోసుకొచ్చింది. అది శిథిలమై, వాగుల వెంట చేలల్లోకి చేరింది. జూన్‌లో తొలకరి పడగానే పైమట్టి కొట్టుకుపోయి చిన్న రాళ్లు తేలతాయి. అప్పుడు జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి, వజ్రకరూరు చేలల్లోకి జనం వస్తారు. పక్క జిల్లాల నుండి, బళ్లారి వైపు నుండి వచ్చినవారు సద్దిమూట పట్టుకుని, తల వంచుకుని, అడుగు తర్వాత అడుగు వేస్తూ రోజంతా వెదుకుతారు. రాత్రికి గుడి అరుగుల మీద, చెట్ల కింద పడుకుంటారు. విత్తిన చేను తొక్కుతున్నారని రైతు కేకలేస్తాడు. ఎప్పుడో ఒకరికి దొరికితే ఆ వార్త పేపర్లో వస్తుంది. దొరకని వేలమంది ఖాళీ చేతులతో బస్సెక్కిన సంగతి వార్త కాదు. వారిలో అప్పులున్న కూలీలు, పంట పోయిన రైతులు, కూతురి పెళ్లి చేయాల్సిన తండ్రులు ఉంటారు. వారిని ఆశపోతులని తీసిపారేయడం సులభం. వానను నమ్ముకున్న నేలలో పంట కూడా ఒక పందెమే అని గుర్తుంటే అలా అనలేం.

ఇంకా దక్షిణానికి వెళితే శ్రీ సత్యసాయి జిల్లాలో రామగిరి. 20వ శతాబ్దం మొదట్లో తెల్లదొరల కంపెనీలు ఇక్కడ బంగారం తవ్వి, 1920ల్లో వదిలేసి పోయాయి. తర్వాత ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మళ్లీ తవ్వింది. ఆ సంస్థ 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులను మూసేసింది. రామగిరి పనీ ఆగిపోయింది. కోలారులో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి పని చేసినవారిలో ఎక్కువమంది తమిళ దళితులు, వారి పక్కన మన చిత్తూరు సీమ నుండి వెళ్లిన తెలుగువారు ఉన్నారు. రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవారెందరో. రామగిరి కొండల మీద ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి.

బైబిలులో యోబు గ్రంథం 28వ అధ్యాయం మనకు జ్ఞానం గురించిన అధ్యాయంగా తెలుసు. ప్రసంగాల్లో సాధారణంగా 12వ వచనం నుండే మొదలుపెడతాం. మొదటి 11 వచనాలు గని పనివారి గురించి అని ఎంతమంది గమనించారు? మనుషులు నివసించే చోటికి దూరంగా, చీకట్లో, తాడు పట్టుకుని వేలాడుతూ ఊగే మనిషిని ఆ కవి చూశాడు. డేగ కన్ను కూడా పడని దారిలో అతని వెంట నడిచాడు. ఆ తర్వాతే, బంగారంతో కొనలేని జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. పనివాడిని చూడకుండా ఆ ప్రశ్నకు రాలేదు.

మీలో ఎవరైనా ఆ వైపు వెళితే కొన్ని మాటలు. పొద్దున్నే నడవండి, నీళ్లు దండిగా పట్టుకెళ్లండి. పాత గుంటల అంచుకు వెళ్లకండి, లోపలికి అసలే దిగకండి; కింద గాలి ఆడదు, అంచు మట్టి ఎప్పుడు జారుతుందో చెప్పలేం. తెల్లని పలుగురాళ్ల కుప్ప కనిపిస్తే ఆగండి. బంగారం లేదని ఎవరో పారేసిన రాళ్లు కావచ్చు. ఒక్కొక్క ముక్కనూ ఒక మనిషి చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, పక్కన పెట్టి ఉంటాడు. అతని గురించి మనకు మిగిలింది అంతే. ఆ ముక్కను ఉన్నచోటే ఉంచండి.

అంత దూరం వెళ్లలేనివారికి మన ఊరి చుట్టూనే రాళ్లు కొట్టే క్వారీలున్నాయి, ఇళ్లకు పునాదులు, బావులు, బోర్లు తవ్వినవారున్నారు. వారిలో పెద్దవాళ్లను ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరి నుండి వచ్చారు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఏ బావి తవ్వారు, ఎవరు దెబ్బలు తిన్నారు, ఎవరు చనిపోయారు. చెప్పింది చెప్పినట్టు ఒక నోటు పుస్తకంలో రాయండి. మొదటి పేజీలో వారి పూర్తి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు రాయడం మరచిపోకండి.